పెన్సిలు ఎవరి చేతిలో

కిందటి వారం మనం రచనా కేంద్రం తలుపు దగ్గర ఆగాం. లోపల ముగ్గురు మనుషులూ ఒక తెల్లకాగితమూ ఉన్నారు. బయట డీన్ నిలబడి తలుపు తట్టారు. ఆయన చేతిలో ఉన్నది తెల్లకాగితం కాదు.

కొత్తగా చదవడం మొదలుపెట్టిన వారికోసం నాలుగు మాటలు. విశ్వవిద్యాలయంలోని ప్రతి విభాగమూ తాను ఎందుకున్నదో ఒక పేజీలో రాసి ఈ శుక్రవారం అకడమిక్ కౌన్సిల్‌కు సమర్పించాలని ఉత్తర్వు వచ్చింది. ఆ పేజీకి ఆశయ ప్రకటన అని పేరు పెట్టారు. పశువైద్యం వారు ఇచ్చారు, వ్యాయామ విద్య వారు ఇచ్చారు, ఆవరణలో మొక్కలు పెంచే విభాగం వారు కూడా ఇచ్చారు. ఇవ్వనిది రచనా కేంద్రం ఒక్కటే. రాయలేక తంటాలు పడే విద్యార్థులకు తోడుగా ఉండడం కోసం పెట్టిన కేంద్రం తన గురించి తాను ఒక పేజీ రాసుకోలేకపోయింది.

ఇందులో నవ్వడానికి ఎంత ఉందో ఆలోచించడానికీ అంతే ఉంది. ఆ కేంద్రంలో పనిచేసే తీరు వేరు. బల్లకు ఒకే పక్కన రెండు కుర్చీలుంటాయి. వ్యాసం తెచ్చిన విద్యార్థి ఒకదానిలో, ట్యూటరు రెండోదానిలో కూర్చుంటారు. విద్యార్థి తన రాతను తానే పైకి చదవాలి. ట్యూటరు కాగితంలోకి చూడకుండా విని, "నేను విన్నది ఇది" అని మొదలుపెట్టి, విన్నదంతా సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. దానికి విద్యార్థి "అవును" అనాలి, లేదా "కాదు" అనాలి. కాదన్నచోట తాను చెప్పదలచింది వేరు, రాసింది వేరు అని అతనికే తెలిసిపోతుంది. బల్లమీద పెన్సిలు ఒక్కటే ఉంటుంది, అది విద్యార్థి వైపు ఉంటుంది. ట్యూటరు దాన్ని ముట్టుకోవడానికి వీల్లేదు.

ఈ పద్ధతి పుట్టింది ఒక తర్కశాస్త్ర తరగతిలో. ఎదుటివాడి వాదాన్ని అతను ఔననేటంత సరిగా చెప్పగలిగినప్పుడే నీ వాదం మొదలుపెట్టు అని, అంటే పూర్వపక్షం ముందు, నీ పక్షం తరువాత అని, ఒక మాస్టారు ముప్పై ఏళ్లపాటు విద్యార్థులను వేధించి ఉద్యోగ విరమణ చేశారు. విశ్వవిద్యాలయమంతా ఆయనను తర్కం మాస్టారు అంటుంది. ఆయన కోడలే ఇప్పుడు రచనా కేంద్రానికి డైరెక్టరు.

ఆ పద్ధతి ఈ ముగ్గురికీ ఎంతగా ఒంటబట్టిందంటే, తమ సొంత ప్రకటన రాయడానికి కూర్చున్నప్పుడు కూడా ఎవరూ పెన్సిలు ముట్టుకోలేదు.

"మనం ఏం చెప్పదలుచుకున్నామంటారు?" అని డైరెక్టరు అడిగేది.

"ఎవరికి చెప్పదలుచుకున్నామంటారు?" అని పెద్ద ట్యూటరు అడిగేది.

"చెప్పదలుచుకున్నాం అనడంలో మీ ఉద్దేశం?" అని మూడో మనిషి అడిగేవాడు.

వారం తరువాత వారం సమావేశాలు ఇలాగే ముగిశాయి. ఒకరినొకరు ఎంతో శ్రద్ధగా విన్నారు. వినడానికి మాత్రం ఏమీ లేదు.

పెద్ద ట్యూటరును విద్యార్థులు చెవక్క అంటారు. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ కిటికీ వైపు కుర్చీలోనే కూర్చుని, కళ్లు మూసుకుని వింటుంది. విన్నది ఒక్క ముక్క పోనివ్వదు. మూడో మనిషి పొద్దున రసాయన ప్రయోగశాలలో పాఠం చెప్పి మధ్యాహ్నం ఇక్కడ పనిచేస్తాడు. ఏ మాటకైనా కింద ఒక షరతు తగిలించే అలవాటు వల్ల అతనికి ఫుట్‌నోటు అనే పేరు స్థిరపడింది. ఆ పేరు తనకు అన్వయించదని వాదించినప్పుడు కూడా అతను రెండు మినహాయింపులు చెప్పాడు.

తలుపు తీసింది అతనే.

* * *

"కూర్చోండి, కూర్చోండి. నేనేం తనిఖీకి రాలేదు" అన్నారు డీన్.

"తనిఖీకి వచ్చినవాళ్లు కూడా ముందు అదే అంటారు సార్" అన్నాడు ఫుట్‌నోటు. "అందరూ అని అనను. ఎక్కువమంది."

డీన్ నవ్వారు. ఈ కథలో ఒక దుర్మార్గుడు దొరికితే బాగుండునని ఎదురుచూసే పాఠకులను ఇక్కడే నిరాశపరచడం మంచిది. ఆయన పనిమంతుడు. విద్యార్థి పేరు ఒకసారి వింటే మరిచిపోరు. పదమూడు విభాగాలకు ఎనిమిది గదులు సర్దాల్సి వచ్చిన మనిషి ఎలా ఆలోచిస్తాడో అలాగే ఆలోచిస్తారు.

"మాస్టారు బాగున్నారా అమ్మా?" అని ఆయన డైరెక్టరును అడిగారు. ఆయన కూడా ఒకప్పుడు ఆ తర్కం తరగతిలో వేధింపులు పడ్డవారే.

"బాగున్నారు సార్. ఈ మధ్య ఎవరితోనూ వాదన పెట్టుకోవట్లేదు."

"అయితే ఒంట్లో ఎలా ఉందో ఓసారి చూపించండి."

నవ్వులు సద్దుమణిగాక ఆయన చేతిలోని టైపు చేసిన కాగితాన్ని బల్లమీద పెట్టారు. "శుక్రవారం పదకొండింటికి కౌన్సిలు. మీ మిషన్ స్టేట్‌మెంట్ ఒక్కటే ఇంకా రాలేదు. మీకు శ్రమెందుకని ఒకటి సిద్ధంగా తెచ్చాను. చూసుకుని సంతకం పెట్టండి, అయిపోతుంది."

డైరెక్టరుకు మొదట కలిగింది కోపం కాదు. వారాల తరబడి మోసిన బరువును ఎవరో వచ్చి అందుకున్నప్పుడు భుజాలకు కలిగే హాయి. ఆమె చెయ్యి పెన్సిలు వైపు వెళ్లింది కూడా. అప్పుడు ఫుట్‌నోటు దగ్గాడు. అది జలుబు దగ్గు కాదని గదిలో అందరికీ తెలుసు.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. "సార్, ఏమీ అనుకోకండి. ఇక్కడికి రాత తెచ్చినవాళ్లు పైకి చదవాలి. మా పద్ధతి."

"నేనా?"

"మీరే తెచ్చారు కదా సార్."

"మార్కులేస్తారా?"

"మార్కులు వెయ్యం. వింటాం."

డీన్ కాసేపు ఆమె ముఖం చూసి, కోటు విప్పి వెనక తగిలించి, విద్యార్థుల కుర్చీలో కూర్చున్నారు. కిటికీ వైపు కుర్చీలో చెవక్క సర్దుకుని కళ్లు మూసుకుంది. ఇంత పెద్ద ఉద్యోగి తన పక్కన కూర్చోవడం ఆమెకు కొత్త. చీర కొంగును రెండు చేతుల్తో పట్టుకుంది.

ఆయన గొంతు సవరించుకుని చదివారు. "విశ్వవిద్యాలయ రచనా కేంద్రం విద్యార్థుల వ్యాసాలను, నివేదికలను దోషరహితంగా తీర్చిదిద్దుతుంది. అందిన ప్రతి రాతను రెండు పనిదినాల్లో సవరించి తిరిగి అందజేస్తుంది. తద్వారా అధ్యాపకుల విలువైన సమయం ఆదా అవుతుంది. విద్యార్థి స్వయంగా హాజరు కాకపోయినా కేంద్రం సేవలు లభిస్తాయి." కాగితం దించారు. "అంతే. బాగానే ఉంది కదా?"

"నేను విన్నది ఇది" అంది చెవక్క, కళ్లు తెరవకుండానే. "పిల్లలు కాగితాలు ఇక్కడ పడేసి వెళ్తారు. తప్పులు మేం దిద్దుతాం. ఎల్లుండి వచ్చి పట్టుకెళ్తారు."

"అవును."

"లెక్చరర్లకి తప్పులు కనపడవు. గబగబా చదివేసి మార్కులేసేస్తారు."

డీన్ ఇబ్బందిగా కదిలారు. "కాస్త మర్యాదగా ఉంది కాగితంలో. కానీ... అవును."

"పిల్లలు రానక్కర్లేదు. మనం వాళ్ల మొహం చూడక్కర్లేదు."

"అవును."

"ఈ గది మాత్రం రాసేవాళ్ల కోసం ఇక్కడే ఉంటుంది. ఎక్కడికీ మారదు."

డీన్ నోరు తెరిచి ఆగారు. కాగితం మళ్లీ ఎత్తి చూసుకున్నారు. "అది నేను చదవలేదే?"

చెవక్క కళ్లు తెరిచింది. ఎదుటివారు చివరి మాట చెప్పకముందే ఆమె కళ్లు తెరవడం ఆ గదిలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"చదవలేదా?"

"ఇందులో లేదండీ. చూడండి కావాలంటే."

ఆమె చూడలేదు. "అయితే నేనే ఎక్కువ విన్నట్టున్నాను" అని మెల్లగా అంది. "ఏమీ అనుకోకండి."

డైరెక్టరు దాన్ని గమనించింది. కానీ డీన్ తరువాత అన్నమాట ఆ గమనికను పక్కకు నెట్టేసింది.

"గది సంగతి వచ్చింది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. దాచి లాభం లేదు. ఈ గది పరీక్షల విభాగానికి వెళ్తుంది. మీకు కింద, జిరాక్సు మిషన్ల పక్కది చూశాను. దీనికంటే పెద్దది."

"కింద పక్కవాళ్ల మాటే వినపడదు సార్. రెండు మిషన్లు, పైగా జనరేటరు."

"దిద్దడానికి వినక్కర్లేదు కదమ్మా."

ఆ కాగితానికీ ఆ గదికీ ఉన్న సంబంధం ఈ ఒక్క వాక్యంతో బయటపడింది. పైకి చదివేవాడికీ వినేవాడికీ నిశ్శబ్దమూ, మూసుకునే తలుపూ కావాలి. ఎర్రసిరాతో దిద్దేవాడికి దీపం చాలు. ఆశయం మారితే గది దానంతటదే మారుతుంది. ఎవరూ ఎవరినీ ఖాళీ చేయించనక్కర్లేదు.

"మేం దిద్దం సార్" అంది డైరెక్టరు.

"మరేం చేస్తారు?"

"వింటాం. వాళ్లు రాసింది వాళ్లకే వినిపిస్తాం."

"సరే, అదే రాసివ్వండి. నేనే కౌన్సిల్లో చదువుతాను, ఒట్టు." ఆయన గొంతులో వెటకారం లేదు. "రాశారా? లేదు. ఇన్ని వారాలైంది. నేను తప్పు పట్టట్లేదమ్మా, అడుగుతున్నాను. మీ దగ్గరికొచ్చే పిల్లాడు కూడా ఇలాగే తెల్లకాగితం పెట్టుకుని కూర్చుంటాడు. వాడికి ఇంకెవరైనా రాసిపెడితే తప్పంటారు. మరి మీరు రాయలేకపోయినప్పుడు?"

ఫుట్‌నోటుకు కూడా షరతు ఏదీ తోచలేదు. ప్రశ్న న్యాయమైనది కావడమే అందులోని ఇబ్బంది.

డీన్ లేచి కోటు తొడుక్కున్నారు. "శుక్రవారం పొద్దున పదిలోపల నా బల్లమీద ఏదో ఒకటి ఉండాలి. ఇదైనా సరే, మీదైనా సరే. రెండూ లేకపోతే పరీక్షల వాళ్లు తాళంచెవి అడుగుతారు, నేను ఇవ్వక తప్పదు." తలుపు దగ్గర ఆగి, "ఆ కుర్చీ బాగుందండోయ్. పైకి చదువుతుంటే నాకే కొత్తగా వినిపించింది" అని వెళ్లిపోయారు.

"మంచివాడే" అన్నాడు ఫుట్‌నోటు. "అదే వచ్చిన చిక్కు."

చెవక్క అప్పటికే సంచీ సర్దుకుంటోంది. తలనొప్పిగా ఉందని చెప్పి, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లింది.

* * *

గురువారం సాయంత్రం. తర్కం మాస్టారు వరండాలో కూర్చుని బ్లేడుతో పెన్సిలు చెక్కుతున్నారు. పెన్సిలు చెక్కే మరలు ఎన్ని వచ్చినా ఆయన బ్లేడు మానలేదు. మరలో పెడితే ఎంత పోయిందో కనపడదంటారు. కోడలు రెండు కప్పుల టీ తెచ్చి ఒకటి ఆయన ముందు పెట్టి, పక్కన మోడా లాక్కుని కూర్చుంది.

"మావయ్యా, ఒక్క వాక్యం. ఒక్కటంటే ఒక్కటి రాసిపెట్టరూ?"

"పెట్టను."

"ఇంకా అడగనే లేదు, ఏ వాక్యమో!"

"ఏ వాక్యమైనా పెట్టను. నువ్వు మీ పిల్లలకి రాసిపెడతావా?"

"వాళ్లకి గది పోదు కదా మావయ్యా."

"ఆ సంగతి వాక్యానికి తెలీదమ్మాయీ."

వంటింట్లోంచి ఆమె భర్త గొంతు వినిపించింది. "మీరిద్దరూ మొదలుపెట్టారంటే నేనొక్కణ్ణే తినాలి. ముందే చెప్పండి, నాకు సరిపడా వండుకుంటాను."

"ముగ్గురికీ వండరా. ఇది తొందరగానే తేలుతుంది" అన్నారు మాస్టారు.

ఆమె తన చేతిలోని కాగితం విప్పింది. మధ్యాహ్నమంతా కూర్చుని ఎవరికీ చూపించకుండా రాసుకున్నది. "వినండి. ‘ప్రతి విద్యార్థిలోనూ నిద్రాణమై ఉన్న సృజనశక్తిని వెలికితీసి, ఆత్మవిశ్వాసంతో కూడిన రచయితగా తీర్చిదిద్దడమే మా ధ్యేయం.’"

మాస్టారు టీ చప్పరించి కప్పు కింద పెట్టారు. "ఇప్పుడు దీన్ని తిరగేసి చదువు."

"తిరగేసి అంటే?"

"విద్యార్థుల్లో ఉన్న కాస్త శక్తినీ నిద్రపుచ్చి, అయోమయంలో పడెయ్యడమే మా ధ్యేయం. ఇలా ఏ విభాగమైనా రాస్తుందా?"

ఆమెకు నవ్వొచ్చింది. "రాయదు. చేస్తే చెయ్యొచ్చు, రాయదు."

"కాదనేవాడు లేనప్పుడు అనడం దేనికి? నువ్వు రేపు ఏం పని చేస్తే ఈ వాక్యం అబద్ధమైపోతుందో చెప్పు."

ఆమె ఆలోచించింది. ఏదీ తోచలేదు.

"అబద్ధం కావడానికి దారి లేని వాక్యానికి నిజం కావడానికీ దారి లేదు. అది గాల్లో ఉంటుంది. పట్టుకుని ఎవర్నీ నిలదియ్యలేం."

"మరి డీన్ గారిది?"

"దిద్దుతాం అన్నాడు. రెండు రోజుల్లో ఇస్తాం అన్నాడు. మూడోరోజుకి ఇవ్వకపోతే పట్టుకోవచ్చు. అది చెయ్యదగ్గ పనా కాదా అన్నది వేరే సంగతి. వాక్యం మాత్రం వాక్యమే."

అది ఆమెకు గుచ్చుకుంది. "అంటే కింద మిషన్ల పక్కకి పోవడమే మంచిదంటారా? ఆ పద్ధతి పెట్టింది మీరే కదా?"

"పద్ధతి పెట్టాను. గది పెట్టలేదు. నా తరగతి షెడ్డులో కూడా నడిచింది."

"షెడ్డులో మీ గొంతు వినపడేది మావయ్యా. పిల్లల గొంతు వినపడేదా?"

మాస్టారు మళ్లీ బ్లేడు అందుకున్నారు. ఆయన జవాబు చెప్పకపోవడం ఆ ఇంట్లో అరుదు కనుక ఆమె కొంచెం సిగ్గుపడి మాట మార్చింది.

"చెవక్క మొన్న ఒక పొరపాటు చేసింది. డీన్ గారు చదవని వాక్యం విన్నానంది."

బ్లేడు ఆగింది. "ఏమని?"

"గది ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ మారదు అని. కాగితంలో అలాంటిదేమీ లేదు, నేనూ చూశాను."

"ఆవిడ ఇదివరకు ఎప్పుడైనా అలా లేనిది విన్నదా?"

"ఎప్పుడూ లేదు. కామా ఎక్కడుందో కూడా వింటుంది."

"అయితే రెండే దార్లు. ఆవిడ చెవికి ఏదో అయిందనాలి. లేదంటే ఆ వాక్యం ఇంకెక్కడో ఉండేదనాలి."

ఆమె మొన్నటి మాటలు ఒక్కొక్కటే తలుచుకుంది. డీన్ "రాశాను" అనలేదు. "సిద్ధంగా తెచ్చాను" అన్నారు. చదువుతున్నప్పుడు చెవక్క కళ్లు మూసుకుని వింటున్నది ఆయన గొంతును కాదు. తనకు ముందే తెలిసిన కాగితాన్ని. ఆ కాగితంలో చివర ఒక వాక్యం ఉండేది. ఎవరో తీసేశారు. తీసేసిన సంగతి ఆమెకు ఆ కుర్చీలోనే తెలిసింది.

"ఆ కాగితం అక్క రాసిందా?"

"నేనలా అనలేదు. నువ్వన్నావు."

"ఇరవై ఏళ్లుగా ఒకరి కాగితం మీద చుక్క పెట్టని మనిషి మావయ్యా! మాకందరికీ చెప్పకుండా తనే పెన్సిలు పట్టుకుని..."

"కారణం ఉండకుండా ఉంటుందా? కోప్పడేముందు పూర్వపక్షం విను." మాస్టారు చెక్కిన ములుకును వేలితో పరీక్షించి చూసుకున్నారు. "ఇంకోటి. ‘ఎప్పటికీ’ అని రాసుకున్న మాటని ఏ కౌన్సిలూ నిలబెట్టలేదు. నిలబెట్టలేనిది పేజీలో లేకపోవడమే నయం."

ఆమె విన్నది. కానీ మనసంతా చెవక్క దగ్గరే ఉంది. కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

భోజనాలయ్యాక, బల్ల తుడిచిన తరువాత, అదే బల్లమీద ఆమె ఒక వాక్యం రాసింది. ఈసారి అందులో శక్తి లేదు, ధ్యేయం లేదు. ‘ఈ గదిలో పెన్సిలు రాసేవారి చేతిలోనే ఉంటుంది.’ మావయ్య పరీక్ష పెట్టి చూసింది. ఏం చేస్తే ఇది అబద్ధమవుతుంది? ట్యూటరు ఒక్కసారి చెయ్యి చాపితే చాలు. ఎవరైనా పట్టుకోవచ్చు, ఎవరైనా నిలదీయవచ్చు. అడిగేవారికి గది ఎందుకో, నిశ్శబ్దం ఎందుకో ఆ వాక్యం నుంచే చెప్పుకుంటూ పోవచ్చు. వారాల తరబడి వెతికినది ఇదే అనిపించింది.

ఆ వెంటనే ఇంకొకటి కూడా అనిపించింది. ముగ్గురి పేజీ మీద చెవక్క ఒక్కతే పెన్సిలు పెట్టింది నిజమైతే, వాక్యం పుట్టకముందే విరిగిపోయినట్టే కదా?

* * *

శుక్రవారం పొద్దున ఆమె వెళ్లేసరికి చెవక్క కిటికీలు తీసి బల్ల తుడుస్తోంది. ఫుట్‌నోటు ఇంకా ప్రయోగశాలలోనే ఉన్నాడు. డైరెక్టరు సంచీ కింద పెట్టి, తన గదిలోకి పోకుండా విద్యార్థుల కుర్చీలో కూర్చుంది.

"అక్కా, నాది కాస్త వినిపెట్టాలి."

చెవక్క గుడ్డను మడతపెట్టింది. ఏమీ అడగకుండా వచ్చి కిటికీ వైపు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుంది.

"ఈ గదిలో పెన్సిలు రాసేవారి చేతిలోనే ఉంటుంది."

"తరవాత?"

"అంతే."

చెవక్క మడతపెట్టిన గుడ్డను ఒళ్లో పెట్టుకుంది. "నేను విన్నది ఇది" అంది. "ఇక్కడ ఎవరి రాతనీ మనం ముట్టుకోం. వాళ్లు తడబడ్డా ముట్టుకోం. మనకి తెలిసినా చెప్పం. రాత వాళ్లదే, తప్పూ వాళ్లదే. దిద్దుకుంటే ఆ గొప్పా వాళ్లదే."

"అవును" అంది డైరెక్టరు. "ఇప్పుడు పద్ధతి కాదు కానీ, నేను అడుగుతాను. మీరు చెప్పండి. ఇది నిజమేనా?"

చెవక్క కళ్లు తెరవలేదు.

"కాదు."

"డీన్ గారు చదివింది..."

"నేను రాసిందే. ఎవరూ అడగలేదమ్మా, నేనే కూర్చుని రాశాను. మనం ముగ్గురం ప్రశ్నలేసుకుంటూ కూర్చున్నాం, శుక్రవారం దగ్గరికొస్తోంది. కింద గది మనకి చూస్తున్నారని ఆఫీసులో అనుకుంటుంటే విన్నాను. మీకు చెబితే మీరు పోట్లాటకి వెళ్తారు. వాళ్లకి కావాల్సిందేదో ఇచ్చేస్తే, మనకి కావాల్సింది ఇస్తారేమో అనుకున్నాను."

"దిద్దుడు ఇచ్చి గది తీసుకుందామని."

"అంతే."

"మీరా అక్కా? దిద్దమంటే పిల్లల్ని బయటికి పంపే మీరా?"

చెవక్క ఇప్పుడు కళ్లు తెరిచింది. ఎడమ చేత్తో ఎడమ చెవి మీది జుట్టు వెనక్కి తోసింది. "ఇదిగో, ఇది పనిచేసి చాలా ఏళ్లయింది. కుడిదొక్కటే. అందుకే ఈ కుర్చీ. అందుకే ఈ కళ్లు మూసుకోవడం. మీరంతా అదేదో ధ్యానం అనుకుంటారు." ఆమె నవ్వబోయింది. "కింద ఆ మిషన్ల పక్కన నాకు ఒక్క ముక్క వినపడదమ్మా. వినడం తప్ప నాకేం వచ్చు? దిద్దడమైనా సరే, ఈ గదిలోనే చేస్తే, దిద్దేది ఎవరూ చూడనప్పుడు తలుపేసుకుని ఒకరిద్దరినైనా వినొచ్చు కదా అనుకున్నాను."

కేంద్రం మొత్తానికి చెవి అని పేరుపడిన మనిషి దగ్గర కూర్చుని ఇన్నేళ్లలో ఎవరూ వినని సంగతి ఇది. డైరెక్టరు పెన్సిలును బల్లమీద అటూ ఇటూ దొర్లించింది. కోప్పడాలని ఇంటినుంచి మోసుకొచ్చిన మాటలను అక్కడే వదిలేసింది. వాక్యం విరిగిన మాట నిజం. విరిచింది ఆ వాక్యం అవసరం అందరికంటే ఎక్కువగా ఉన్న మనిషి.

గోడ గడియారం తొమ్మిదిన్నర దాటింది.

"ఇది తీసుకెళ్లి ఇచ్చేద్దాం అక్కా" అంది చివరికి, తన కాగితం చూపిస్తూ. "ఈ పూటనుంచి నిజం చేద్దాం. ఒకసారి తప్పిందని కౌన్సిల్లో నేనే చెబుతాను. ఎవరని అడిగితే కేంద్రం అంటాను."

"నా పేరే చెప్పండి. దాపరికం నావల్ల కాదు."

"సరే, అది అక్కడ చూసుకుందాం." ఆమె లేచి కాగితం మడవబోయి ఆగింది. "ఇంతకీ ఆ చివరి వాక్యం అసలెలా రాశారు? మొన్న మీరు మీ మాటల్లో చెప్పారు కదా. రాసింది ఎలా రాశారు?"

చెవక్క సిగ్గుపడింది. తన రాత తాను పైకి చదవడం ఆమెకు బహుశా అదే మొదలు. "‘ఈ గది ఎప్పటికీ రాసేవారిదే’ అని."

డైరెక్టరు చేతిలోని కాగితం సగం మడతలో ఆగిపోయింది.

ఎప్పటికీ.

ఆ మాట ఈ గదిలో ఇంతవరకు ఎవరూ అనలేదు. డీన్ చదవలేదు. చెవక్క తిరిగి చెప్పినప్పుడు అందులో ఆ మాట లేదు. తాను ఇంట్లో చెప్పినప్పుడు అసలే లేదు. అయినా నిన్న సాయంత్రం తాను ఆ మాట విన్నది, బ్లేడుతో చెక్కిన పెన్సిలు ములుకు వెనకనుంచి.

ఆమె మళ్లీ కూర్చుంది. "అక్కా, ఆ కాగితం డీన్ గారికి మీరే ఇచ్చారా?"

"నేనా? ఆయన్ని చూస్తేనే నాకు నోట మాట రాదు. మొన్న పక్కన కూర్చున్నంతసేపూ కొంగు వదల్లేదు."

"మరి ఆయన చేతికెలా వచ్చింది?"

"మీకు తెలీదా?" చెవక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీకు చెప్పే ఉంటారనుకున్నానమ్మా. మంచీ చెడ్డా చూసి డీన్ గారికి పంపిపెట్టమని ఆదివారం మీ ఇంటికొచ్చి పెద్దాయనకిచ్చాను, మీరు బజారుకెళ్లారు. నేను వరండా మెట్ల కింద నిలబడే ఉన్నాను, అక్కడికి కాగితంలోది కనపడదు. ఆయన మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదివారు, ఏమీ అనలేదు. తరవాత జేబులోంచి పెన్సిలు తీశారు."